తాతయ్య ముక్కులో నల్ల మచ్చ, నా మోడల్ చెప్పిన 0.93

ముందుగా ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి. క్లబ్ వాళ్లు "ఏదైనా టెక్నికల్ టాపిక్ తెలుగులో రాయి" అన్నప్పుడు కంపైలర్ల గురించి రాద్దామనుకున్నా. కానీ పోయిన నవంబరులో మా ఇంట్లో జరిగిన విషయం ఒకటి బుర్రలోంచి పోవట్లేదు. అందులో టెక్నికల్ సంగతీ ఉంది, నేను చేసిన తప్పూ ఉంది. అందుకే దాని గురించి రాస్తున్నా.

అసలేం జరిగిందంటే

మా తాతయ్యది, అంటే అమ్మ వాళ్ల నాన్నది, రాజోలు దగ్గర ఊరు. వయసు 71. కొబ్బరి తోట ఉంది, చుట్ట అలవాటు ఉంది. కొన్నాళ్లుగా ఎడమ ముక్కు మూసుకుపోతోందని అంటుంటే మావయ్య అమలాపురంలో ఒక ఈఎన్‌టీ డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన సన్నటి కెమెరా గొట్టం ముక్కులో పెట్టి చూశారు. దూలం వంకరగా ఉంది, ఊపిరి ఆడకపోవడానికి కారణం అదే. దానికి కంగారేం లేదన్నారు. కానీ అదే దూలం మీద పెసరగింజంత నల్ల మచ్చ ఒకటి కనపడింది.

"చూడ్డానికి మంచి మచ్చలాగే ఉందండి. అయినా చిన్న ముక్క తీసి టెస్టుకి పంపిద్దాం" అన్నారు డాక్టర్ గారు.

మావయ్య "ఇంట్లో ఆలోచించుకుని వస్తామండి" అని తిరిగొచ్చేశాడు. ఆ రాత్రే కెమెరాలో తీసిన ఫోటో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. మావయ్యకి మొదట వచ్చిన డౌటు బ్లాక్ ఫంగస్. 2021లో కరోనా సెకండ్ వేవ్‌లో ఆ పేరు వినని వాళ్లు లేరు కదా. పిన్నికి వచ్చిన డౌటు క్యాన్సర్. నాకు డౌటు కాదు, ఐడియా వచ్చింది. ఖర్మ.

అప్పుడే మా టీమ్ మినీ ప్రాజెక్ట్ అయిపోయింది. చర్మం మీద మచ్చ ఫోటో ఇస్తే అది ఏ రకమో చెప్పే మోడల్ అది. తాతయ్య ముక్కు ఫోటో క్రాప్ చేసి అందులో పడేశా. రెండు సెకన్లలో సమాధానం వచ్చింది: మెలనోమా, 0.93. మెలనోమా అంటే రంగు కణాలకి వచ్చే క్యాన్సర్. నాకు చేతులు చల్లబడ్డాయి. ఆలోచించకుండా అమ్మకి ఫోన్ చేసి "93 శాతం అంటోందమ్మా" అని చెప్పేశా.

అమ్మ మావయ్యకి చెప్పింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, పక్కనే తాతయ్య ఉన్నారు. ఆ తర్వాత ఆయన టెస్టుకి రానంటే రానన్నారు. "కత్తి తగిలితే ఎగబాకుద్దంట. ఉన్నన్నాళ్లు ఉంటాను, నన్నొదిలెయ్యండి" అన్నారట. కొబ్బరికాయల వ్యాపారిని పిలిచి పాత లెక్కలన్నీ తేల్చమన్నారట. అలా మూడు వారాలు గడిచిపోయాయి. ఆ మూడు వారాలకి కారణం నేను.

ముక్కు లోపల రంగు ఎక్కడిది?

సెమ్ ఎగ్జామ్స్ దగ్గర పెట్టుకుని నేను చదివింది మాత్రం ఇదే. నాకు అర్థమైనట్టు చెప్తా.

మన చర్మానికీ జుట్టుకీ రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారు చేసే కణాలు మెలనోసైట్లు. ఇవి చర్మంలో పుట్టవు. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు వెన్ను వైపు ఒక నాడీ గొట్టం తయారవుతుంది. దాని అంచున పుట్టిన కొన్ని కణాలు అక్కడినుంచి బయల్దేరి ఒళ్లంతా పాకుతూ వెళ్లి స్థిరపడతాయి. ఎక్కువ భాగం చర్మానికి చేరతాయి. కొన్ని కంట్లోకి, చెవి లోపలికి వెళ్తాయి. ఇంకొన్ని నోరు, ముక్కు, గొంతు, స్వరపేటిక లోపలి తడి పొరల్లో ఆగుతాయి. అంటే ముక్కు లోపల రంగు కణాలు ఉండటం వింతేం కాదు. మనలో చాలామందికి చిగుళ్లు నల్లగా ఉండేది కూడా వీటి వల్లే. అది జబ్బు కాదు.

మామూలుగా ముక్కు, గొంతు లోపల ఇవి తక్కువగా ఉంటాయి, కనపడేంత పని చెయ్యవు. ఎప్పుడైనా ఒకచోట మచ్చ కనపడిందంటే ముఖ్యంగా ఈ కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

ఒకటి మెలనోసిస్. కణాల సంఖ్య పెద్దగా పెరగదు, కానీ ఉన్నవే రంగు ఎక్కువ తయారు చేస్తాయి. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే సర్వర్లు అవే, లోడ్ పెరిగింది. ఇది ప్రమాదం లేని మచ్చ.

రెండోది నీవస్, అంటే పుట్టుమచ్చ లాంటిదే. ఇక్కడ కణాలు గుంపులుగా చేరతాయి. ఒంటి మీద ప్రతి ఒక్కరికీ ఉంటాయి కానీ ముక్కు, గొంతు లోపల చాలా అరుదు. ఇందులో బ్లూ నీవస్ అనే రకం ఉంది. నీలం రంగు కణాలు ఎక్కడా ఉండవు. ఉన్నది అదే గోధుమ, నలుపు మెలనిన్. కానీ అది లోతులో ఉన్నప్పుడు పైనున్న కణజాలం నీలం కాంతిని ఎక్కువగా చెదరగొట్టి మన కంటికి పంపిస్తుంది. టిండాల్ ఎఫెక్ట్ ఇదే. పైనుంటే నలుపు, లోతులో ఉంటే నీలం.

ఈ లోతు రంగుకి ఇంకో ఉదాహరణ ఓటా నీవస్. 1939లో జపాన్ డాక్టర్ ఓటా దీన్ని వివరించాడు. ముఖానికి ఒకవైపు, కన్ను చుట్టూ, నుదుటి మీద నీలి బూడిద రంగు మచ్చ ఉంటుంది. ఆసియా వాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. మీ ఊళ్లో కూడా ఎవరికో ఒకరికి చూసే ఉంటారు. ఆ మచ్చ బయట ముఖంతో ఆగకుండా కొందరిలో ముక్కు లోపలికి, అంగిట్లోకి కూడా వెళ్తుంది. వీళ్లు కంటి డాక్టర్‌కి చూపించుకుంటూ ఉండాలి, ఎందుకంటే కంట్లో ఒత్తిడి పెరిగే అవకాశం ఉంది.

మూడోది, అందరూ భయపడే మెలనోమా. ఇది ముక్కు, నోరు లాంటి తడి పొరల్లో రావడం చాలా అరుదు. అమెరికా లెక్కల్లో మొత్తం మెలనోమాల్లో ఇలా వచ్చేవి 1 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. కానీ వస్తే మొండిది. పైగా వీటిలో కొన్నింటికి నల్ల రంగే ఉండదు, గులాబీ రంగు కండలా కనిపిస్తాయి.

ఇవి కాక అసలు మెలనోసైట్లతో సంబంధం లేని నలుపులు కూడా ఉన్నాయి. ముక్కు నుంచి తరచూ రక్తం కారే వాళ్లలో పాత రక్తంలోని ఇనుము పేరుకుని గోధుమ రంగు కనపడొచ్చు. పళ్లకి పెట్టించిన వెండి ఫిల్లింగ్ పొడి చిగుళ్లలోకి దిగి నల్లగా ఉండిపోవచ్చు. మలేరియా మందు క్లోరోక్విన్ చాలాకాలం వాడితే అంగిట్లో నీలి నలుపు మచ్చ రావచ్చు. ఇక మావయ్య భయపడిన బ్లాక్ ఫంగస్‌లో కనపడే నలుపు రంగు కణాలది కాదు. రక్తం అందక చచ్చిపోయిన కండ అది. దాంతోపాటు ముఖం నొప్పి, వాపు ఉంటాయి, రోజుల్లో ముదిరిపోతుంది. తాతయ్యకి అవేవీ లేవు.

ఇన్ని కారణాలున్నా పైకి కనిపించేది మాత్రం అదే నల్ల చుక్క.

నా మోడల్ ఎందుకు తప్పింది?

మా ప్రాజెక్ట్‌కి వాడింది హామ్10000 అనే డేటాసెట్. 2018లో విడుదలైంది. అందులో 10,015 ఫోటోలున్నాయి. ఆస్ట్రియాలోని వియన్నా, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి సేకరించినవి. అన్నీ చర్మం మీద ప్రత్యేక లెన్సుతో తీసినవి. మొత్తం 7 రకాలు. అందులో మామూలు నీవస్‌లు 6,705, మెలనోమాలు 1,113.

ఇందులో ముక్కు లోపలి ఫోటో ఒక్కటీ లేదు. మెలనోసిస్ అనే పేరున్న గడే లేదు. మన గోదావరి జిల్లాల ఒంటి రంగు ఎంతమందికి ఉందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు సాఫ్ట్‌మాక్స్ సంగతి. మోడల్ చివర్లో 7 గడులకి మార్కులు వేసి, అన్నీ కలిపి 1 వచ్చేలా పంచుతుంది. ఒక ఆబ్జెక్టివ్ పేపర్లో "పైవేవీ కావు" అనే ఆప్షన్ తీసేశారనుకోండి. ప్రశ్న సిలబస్‌లో లేకపోయినా ఏదో ఒక బబుల్ నింపాల్సిందే. మోడల్ పరిస్థితి అదే. దానికి పిల్లి ఫోటో ఇచ్చినా 7 చర్మ రోగాల్లో ఒకదాని పేరు చెప్తుంది. తర్వాత టెస్ట్ చేద్దామని మా హాస్టల్ మెస్‌లో మాడిన అట్టు ఫోటో ఇచ్చా. మెలనోమా అంది, 0.88తో.

కాబట్టి 0.93 అంటే "93 శాతం క్యాన్సర్" అని కాదు. "నాకు తెలిసిన 7 పేర్లలోనే చెప్పమంటే ఇదే ఎక్కువగా పోలినట్టుంది" అని మాత్రమే. ఈ తేడా నాకు తెలీదా అంటే తెలుసు. సెకండ్ ఇయర్‌లో దాని మీద పరీక్ష కూడా రాశా. తాతయ్య ఫోటో దగ్గరికొచ్చేసరికి గుర్తు రాలేదు.

కత్తి తగిలితే ఎగబాకుతుందా?

నాకు కష్టంగా అనిపించింది తాతయ్య భయానికి సమాధానం చెప్పడం. ఎందుకంటే ఆ నమ్మకం ఆయన ఒక్కడిదే కాదు, ఊరందరిదీ. "ఫలానాయన మచ్చ కోయించుకున్నాడు, ఆర్నెల్లలో పోయాడు" అని ప్రతి ఊళ్లోనూ ఒక కథ ఉంటుంది.

ఆ కథ అబద్ధం కాకపోవచ్చు. కానీ అందులో వరస తారుమారైంది. అది కత్తి పెట్టకముందే క్యాన్సర్. అనుమానం వచ్చింది కాబట్టే కోశారు. ఆలస్యంగా వెళ్లారు కాబట్టే పోయారు. జనానికి కంటికి కనపడింది కత్తి ఒక్కటే, కాబట్టి నింద దాని మీద పడింది. ముక్క తీయడం వల్ల మామూలు మచ్చ క్యాన్సర్‌గా మారదు.

నవంబరు చివర్లో రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లా. తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నారు. ముందు సారీ చెప్పా. "నా ప్రోగ్రాం తప్పు తాతయ్యా. దానికి ముక్కంటే ఏంటో తెలీదు. మాడిన అట్టుని కూడా క్యాన్సరే అంది" అన్నా. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అట్టునా?" అన్నారు. అంతే, నవ్వేశారు. మర్నాడు పొద్దున్నే బస్సులో వైనతేయ దాటి అమలాపురం వెళ్లాం.

డాక్టర్ గారికి జరిగిందంతా చెప్పా. తిడతారేమో అనుకున్నా. ఆయన ఒక్కటే అడిగారు. "నీ ప్రోగ్రాంకి ఇంతకుముందు ఎన్ని ముక్కులు చూపించావు బాబూ?"

"ఒక్కటీ లేదండి."

"నేను రోజూ చూస్తాను. అయినా ముక్క తీయకుండా చెప్పలేను."

మత్తు మందులో తడిపిన దూది ముక్కులో పెట్టి, కాసేపాగి చిన్న శ్రావణం లాంటి దాంతో మచ్చ మొత్తం తీసేశారు. మచ్చ చిన్నది కాబట్టి ముక్కా అదే, వైద్యమూ అదే. అరగంటలో బయటికొచ్చాం.

ముక్క తీశాక ఏమవుతుంది?

ఆ ముక్కని ఫార్మలిన్‌లో వేస్తారు, కుళ్లిపోకుండా. ల్యాబ్‌లో నీరు తీసేసి మైనంలో పోత పోస్తారు. ఆ మైనం దిమ్మని 4, 5 మైక్రాన్ల మందంలో పొరలుగా కోస్తారు. మన తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు ఆ పొర. దాన్ని గాజు పలక మీద పరిచి రెండు రంగులు వేస్తారు. ఒకటి కణాల మధ్యలో ఉండే కేంద్రకాన్ని నీలి ఊదా రంగులోకి, రెండోది మిగతా భాగాన్ని గులాబీలోకి మారుస్తుంది. అప్పుడు పాథాలజిస్ట్ మైక్రోస్కోప్ కింద చూస్తారు.

వాళ్లు చూసేది నలుపుని కాదు, అమరికని. మంచి మచ్చలో కణాలు బుద్ధిగా అడుగు వరసలో ఉంటాయి, కేంద్రకాలు చిన్నగా ఒకే తీరులో ఉంటాయి. మెలనోమాలో కేంద్రకాలు పెద్దవై వికారంగా ఉంటాయి, కణాలు విడిపోతూ కనపడతాయి, వరస దాటి పైకీ లోతుకీ చొచ్చుకుపోతాయి. ఒక్కోసారి మెలనిన్ మరీ ఎక్కువై ఏమీ కనపడకపోతే పొటాషియం పర్మాంగనేట్‌తో ఆ రంగుని వెలిసిపోయేలా చేసి మళ్లీ చూస్తారు. ఆ నలుపు మెలనినా, పాత రక్తంలోని ఇనుమా అని డౌటొస్తే దానికీ వేరే రంగు పరీక్షలున్నాయి. ఇంకా తేలకపోతే ఎస్100, హెచ్‌ఎంబీ45 లాంటి ప్రత్యేక పరీక్షలు చేస్తారు.

ఆరు రోజుల తర్వాత రిపోర్ట్ వచ్చింది. మెలనోసిస్. క్యాన్సర్ లక్షణాలు లేవు.

చుట్ట సంగతి

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ డాక్టర్ గారు తాతయ్య నోరు తెరిపించి అంగిలి కూడా చూశారు. అక్కడక్కడా నల్లబడింది. "ఇది మాత్రం మీ చుట్ట పనేనండి" అన్నారు.

పొగ తాగే వాళ్ల నోట్లో వచ్చే ఈ నలుపుకి స్మోకర్స్ మెలనోసిస్ అని పేరు. 1977లో స్వీడన్‌లో హెడిన్ అనే పరిశోధకుడు దీన్ని వివరించాడు. పొగలోని విషాలకి అడ్డుగా రంగు కణాలు మెలనిన్ ఎక్కువ తయారు చేస్తాయని ఒక వివరణ. ఈ నలుపు దానంతట అది క్యాన్సర్ కాదు. పొగ మానేస్తే నెలల్లో, ఏళ్లలో మెల్లగా తగ్గుతుంది కూడా. కానీ ఆ నలుపు తెచ్చిన పొగే పక్కనే క్యాన్సర్‌ని కూడా తేగలదు.

దీని గురించి ప్రపంచానికి చాలా వరకు నేర్పింది మన ఆంధ్రానే అని నాకప్పుడే తెలిసింది. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని. గాలికి ఆరిపోదు, ఎక్కువసేపు వస్తుంది. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి క్యాన్సర్ మామూలుగా అరుదు, కానీ ఇక్కడ ఎక్కువ కనపడుతోందని 1930ల్లోనే డాక్టర్లు రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం ఆంధ్రాలో 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించి అచ్చు వేసిన అధ్యయనం దంత వైద్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అడ్డపొగ వాళ్ల అంగిట్లో నల్ల మచ్చలు, తెల్ల మచ్చలు, రంగు పోయిన చోట్లు, పుండ్లు అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే ఏది దేని పక్కన ఉందో డాక్టర్ చూడాల్సిందే. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లని ఏళ్ల తరబడి ఇంటింటికీ వెళ్లి పరీక్షిస్తూ, మానమని చెప్తూ వచ్చారు. మానిన వాళ్లలో, తగ్గించిన వాళ్లలో క్యాన్సర్‌కి ముందొచ్చే మచ్చలు తగ్గాయి.

మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే

ముక్కు ఒకవైపే మూసుకుపోతూ రావడం, ఒకే వైపు నుంచి మళ్లీ మళ్లీ రక్తం, మచ్చ పెరగడం లేదా పుండు పడటం, నోట్లో రెండు మూడు వారాలకీ మానని పుండు, మూడు వారాలు దాటిన బొంగురు గొంతు, మింగితే నొప్పి, మెడ మీద గడ్డ. వీటిలో ఏదున్నా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏమీ లేకపోయినా కొత్తగా కనపడిన నల్ల మచ్చని ఒక్కసారి చూపించండి. డబ్బు గురించి ఆగొద్దు. మన వైపు వాళ్లకి కాకినాడ జీజీహెచ్ ఉంది. రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధం కాబట్టి ఈఎన్‌టీ, పాథాలజీ రెండూ అక్కడే ఉంటాయి.

చిన్నప్పటి నుంచీ పెదాల మీద, నోట్లో చాలా నల్ల చుక్కలుండి తరచూ కడుపునొప్పి వచ్చేవాళ్లుంటే ఆ రెండూ కలిపి డాక్టర్‌కి చెప్పండి. పేగుల్లో కణితులు పెరిగే పూట్జ్ జెగర్స్ అనే వంశపారంపర్య జబ్బుకి అది గుర్తు కావచ్చు.

ఇంకొకటి, మన సీఎస్ఈ వాళ్లకి. ఇంట్లో వాళ్లకి మనం చెప్పే నంబర్ చాలా పెద్ద మాట. వాళ్లు దాన్ని ప్రశ్నించరు, "మావాడు కంప్యూటర్లో చూశాడు" అంటారు. మీ మోడల్‌కి తెలీని ఫోటో వస్తే "తెలీదు" అని చెప్పే దారి ముందు పెట్టండి. మేం మా ప్రాజెక్ట్‌లో పెడుతున్నాం. ఇప్పటికి అట్టుని మాత్రం పట్టుకోగలుగుతోంది.

తాతయ్య చుట్టలు పూర్తిగా మానలేదు. రోజుకి ఆరు ఉండేవి, ఇప్పుడు రెండు అంటున్నారు. అమ్మమ్మేమో మూడు అంటోంది. ఫిబ్రవరిలో మళ్లీ చూపించుకోవాలి. తీసుకెళ్లేది నేనే.